గడప దాటేది ఏమిటి?

(ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు, అధ్యాపకుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఈ హాలు గుమ్మం పైన ఒక సీసీ కెమెరా ఉంది. లోపలికి వస్తూ చాలామంది చూసే ఉంటారు. దాని లెక్కతోనే మొదలుపెడతాను. మామూలు ఫుల్ హెచ్‌డీ కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల వీడియో పంపుతుందనుకుందాం. రోజుకు 86,400 సెకన్లు. బిట్లను బైట్లలోకి మారిస్తే రోజుకు దాదాపు 43 గిగాబైట్లు, అదీ ఒక్క కెమెరాకే. క్యాంపస్ మొత్తంలో అలాంటివి 100 ఉంటే రోజుకు 4 టెరాబైట్లు దాటుతుంది. అదంతా క్లౌడ్‌కు, అంటే దూరంగా ఉన్న కంపెనీ సర్వర్లకు పంపాలంటే సెకనుకు 400 మెగాబిట్ల అప్‌లోడ్ లైన్ పగలూ రాత్రీ క్షణం ఖాళీ లేకుండా పనిచేయాలి.

ఇంతకీ కాలేజీకి ఆ కెమెరా నుంచి ఏం కావాలి? హాల్లో ఎంతమంది ఉన్నారు, తలుపు దగ్గర తోపులాట అయ్యేలా ఉందా, అంతే అనుకోండి. ఆ లెక్క కెమెరాలో ఉన్న చిప్పే వేసుకుని నిమిషానికి ఒక్క వరుస పంపితే సరిపోతుంది. టైము, మనుషుల సంఖ్య. వరుసకు 100 బైట్లు వేసుకున్నా రోజుకు 144 కిలోబైట్లు. 43 గిగాబైట్లు ఎక్కడ, 144 కిలోబైట్లు ఎక్కడ! మూడు లక్షల రెట్ల తేడా.

లైన్ ఖర్చు మిగిలింది, స్టోరేజీ ఖర్చు మిగిలింది. ఇంజనీరుకు ముందు కనిపించే లాభం ఇదే. కానీ నన్ను ఇవాళ ఇక్కడికి రప్పించింది రెండో లాభం. మొదటి పద్ధతిలో మీ ముఖం, మీ పక్కన ఎవరు నడిచారు, ఎవరితో మాట్లాడుతూ ఆగారు, ఎన్నింటికి వెళ్లిపోయారు, అన్నీ ఎక్కడో ఒక సర్వర్‌కు చేరతాయి. రెండో పద్ధతిలో బయటికి వెళ్లేది ఒక అంకె. ఆ అంకెను ఎవరు దొంగిలించినా మీ గురించి వాళ్లకు తెలిసేది ఏమీ ఉండదు.

డేటా ఎక్కడ దాస్తున్నారు అని మనం తరచూ అడుగుతాం. దానికంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. పరికరం గడప దాటి బయటికి పోతున్నది ఏమిటి? ఆ గడప తాళం ఎవరి చేతిలో ఉంది? క్లౌడ్ నుంచి ఎడ్జ్‌కు, అంటే డేటా పుట్టిన పరికరానికో దాని పక్కకో లెక్కలు వచ్చే ఈ ప్రయాణం మన ప్రైవసీకి మేలు చేస్తుందా లేదా అన్నది ఈ రెండు జవాబుల మీదే ఆధారపడి ఉంటుందని నా గట్టి నమ్మకం.

అసలు అన్నీ ఒకచోటికి ఎందుకు చేరాయో క్లుప్తంగా చెప్పుకుందాం. అమెజాన్ 2006 మార్చిలో ఎస్3 స్టోరేజీని, ఆగస్టులో కంప్యూటర్లను అద్దెకిచ్చే ఈసీ2ను తెచ్చింది. అప్పటిదాకా కంపెనీ పెట్టాలంటే సర్వర్లు కొనాలి, ఏసీ గది కట్టాలి, మనిషిని పెట్టాలి. అవన్నీ పోయి గంటల లెక్కన అద్దెకు దొరికాయి. ఆ తర్వాతి ఏడాదే ఐఫోన్ వచ్చింది. ఫోన్లు అప్పట్లో బలహీనం, బరువైన పని ఏదున్నా సర్వర్‌కే పంపాలి. అలా చేతిలో ఫోను కిటికీ అయింది, పనంతా దూరంగా ఉన్న డేటా సెంటర్‌లో జరిగింది. ఆ కాలానికి అది సరైన ఏర్పాటే.

దగ్గరికి తేవాలన్న ఆలోచన మాత్రం అంతకుముందే ఉంది. 1998లో ఎంఐటీ వాళ్లు పెట్టిన అకమై కంపెనీ వెబ్ పేజీల కాపీలను ఊరూరా సర్వర్లలో ఉంచడం మొదలుపెట్టింది. అయితే అది అందరూ చూసే సరుకు: వార్తల ఫొటోలు, మ్యాచ్ వీడియోలు. మీ దగ్గర పుట్టే డేటా సంగతి వేరు. దాని గురించి గట్టిగా మాట్లాడినవాళ్లలో ముందుంటారు మహదేవ్ సత్యనారాయణన్. ఐఐటీ మద్రాసులో చదివి కార్నెగీ మెలన్‌లో ప్రొఫెసరైన ఆయన, 2009లో సహచరులతో కలిసి రాసిన పేపర్‌లో క్లౌడ్‌లెట్ అన్న ఆలోచన పెట్టారు. ఫోనుకు ఒక్క వైఫై దూరంలో చిన్న సర్వర్ ఉండాలి, బరువైన పని అక్కడ జరగాలి అని. నేటి ఎడ్జ్ కంప్యూటింగ్‌కు అది గట్టి పునాది.

దూరం ఎందుకంత ఇబ్బంది? ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి అమెరికాలో డేటా సెంటర్లకు పేరుపడ్డ వర్జీనియాకు 13 వేల కిలోమీటర్లు వేసుకోండి. పోయి రావడానికే 130 మిల్లీసెకన్లు. రౌటర్లు, సర్వర్ పని, వంకరటింకర కేబుల్ దారి ఇంకా కలపలేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆ 130 మిల్లీసెకన్లలో మూడున్నర మీటర్లు ముందుకు పోతుంది. ఎన్ని కోట్లు పోసినా కాంతి వేగాన్ని పెంచలేం. పని దగ్గరికి రావాల్సిందే.

ఇక్కడ ఒక ఉదాహరణ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే క్లౌడ్, ఎడ్జ్ తేడా నాకు ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడలేదు. షుగర్ ఉన్నవాళ్లకు కంటి వెనక రెటీనా దెబ్బతింటుంది. ముందే పట్టుకుంటే చూపు కాపాడొచ్చు. రెటీనా ఫొటో చూసి ఈ జబ్బును గుర్తించే గూగుల్ ఏఐ మోడల్ మీద 2016లో జామా అనే వైద్య పత్రికలో పేపర్ వచ్చింది. నిపుణులైన కంటి డాక్టర్లతో పోల్చదగ్గ ఫలితాలు. అదే మోడల్‌ను ఆ తర్వాత థాయ్‌లాండ్‌లోని ప్రభుత్వ క్లినిక్కుల్లో పెట్టారు. అక్కడ ఏం జరిగిందో గూగుల్ వాళ్లే 2020లో దాచకుండా రాశారు. నర్సు కంటి ఫొటో తీయాలి, క్లౌడ్‌కు అప్‌లోడ్ చేయాలి, ఫలితం కోసం ఆగాలి. నెట్ సరిగా లేని చోట ఒక్కో ఫొటో ఎక్కడానికే 60 నుంచి 90 సెకన్లు. బయట వరండాలో పొద్దున్నే వచ్చి కూర్చున్న పేషెంట్లు. లైన్ కదలదు. ఫొటో క్వాలిటీ బాగాలేదని ఐదో వంతుకు పైగా ఫొటోలను సిస్టమ్ తిప్పికొట్టింది. గదిలో వెలుతురు చాలదు, నర్సుకు పని ఒత్తిడి. ల్యాబ్‌లో అంత గొప్పగా చూపిన మోడల్ నెట్ వైరు దగ్గర, లైటు స్విచ్చు దగ్గర తడబడింది.

ఇంచుమించు అదే కాలంలో ముంబైలో మరో ప్రయత్నం జరిగింది. స్మార్ట్‌ఫోన్‌కు బిగించిన కంటి కెమెరా, అదే ఫోనులో నడిచే మోడల్. నెట్ అక్కర్లేదు. మున్సిపల్ డిస్పెన్సరీల్లో ఆరోగ్య కార్యకర్తలు ఫొటోలు తీస్తే అక్కడికక్కడే, ఆఫ్‌లైన్‌లో, ఈ మనిషిని కంటి డాక్టరు దగ్గరికి పంపాలా వద్దా అని తేలింది. 2019లో జామా ఆఫ్తాల్మాలజీలో దాని ఫలితాలు వచ్చాయి. పాడేరు ఏజెన్సీలోనో, ఉట్నూరు వైపు గూడేల్లోనో సిగ్నల్ ఎలా ఉంటుందో అక్కడి నుంచి వచ్చిన వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. వాళ్ల ఊళ్లకు రెండో పద్ధతే పనికొస్తుంది.

ప్రైవసీ కోణంలో చూడండి. రెటీనా రక్తనాళాల అల్లిక మనిషి మనిషికీ వేరు, వేలిముద్ర లాగే దానితో మనిషిని గుర్తుపట్టొచ్చు. పైగా అది ఆరోగ్య సమాచారం. ఫోనులోనే తేల్చేయగలిగితే ఆ బొమ్మ ఫోను దాటక్కర్లేదు. డాక్టరు దగ్గరికి పంపాల్సిన వాళ్లవి మాత్రమే, వాళ్లకు చెప్పి, ఆ డాక్టరుకు పంపితే చాలు. వేగం కోసం చేసిన పని గోప్యతను కూడా కాపాడుతోంది. నెమ్మదైన నెట్‌వర్కూ, పేదవాడి ప్రైవసీ ఒకే మందు అడుగుతున్నాయి.

ఇంత పెద్ద మోడల్ ఫోనులో ఎలా పడుతుందని ఎవరికైనా సందేహం రావొచ్చు. 10 కోట్ల పారామీటర్లు, అంటే శిక్షణలో నేర్చుకున్న అంకెలు ఉన్న మోడల్‌ను 32 బిట్ల అంకెల్లో దాస్తే 400 మెగాబైట్లు. అవే అంకెలను 8 బిట్లకు కుదిస్తే 100 మెగాబైట్లు. ఖచ్చితత్వం కొద్దిగా తగ్గుతుంది, చాలా పనులకు ఆ తేడా తెలియదు కూడా. దీన్నే క్వాంటైజేషన్ అంటున్నాం. దానికి తోడు ఇప్పటి ఫోన్ చిప్పుల్లో ఇలాంటి లెక్కల కోసమే ప్రత్యేక భాగాలు వస్తున్నాయి. మీ సిలబస్‌లో ఉన్నదే కాబట్టి ఇంతకంటే వివరంగా చెప్పను.

డేటా అంతా ఒకచోట పోగుపడితే ఏమవుతుందో మన రాష్ట్రాల్లోనే చూశాం. భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద వేలిముద్రలు వేయిస్తారు. ఆ దస్తావేజులను స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టారు, మంచి ఉద్దేశంతోనే. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి ఆ దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, నకిలీ ముద్రలు తయారు చేసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఇంకో అడుగు ముందుకేసింది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వేలిముద్రల నకళ్లు చేసి, ఆధార్‌తో డబ్బులిచ్చే మిషన్ల ద్వారా జనం ఖాతాల్లో సొమ్ము తీసేసింది. ఓటీపీ అడగలేదు, ఫోన్ చేయలేదు. బాధితుల తప్పు ఇందులో ఇసుమంతైనా లేదు. ఎప్పుడో పొలం అమ్మేటప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో బొటనవేలు ఇంకులో ముంచి అద్దారు, అంతే. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. బొటనవేలు ఏం మార్చుకుంటాం?

దీని పక్కనే మీ ఫోను పెట్టి చూడండి. యాపిల్ 2013లో ఐఫోన్ 5ఎస్‌లో టచ్ ఐడీ తెచ్చినప్పుడు, వేలిముద్ర నుంచి తయారైన గణిత రూపాన్ని సెక్యూర్ ఎన్‌క్లేవ్ అనే విడి భాగంలో ఉంచింది. పోల్చి చూడడం అక్కడే జరుగుతుంది. బయటికి వచ్చే జవాబు అవును, కాదు అంతే. మామూలు యాప్‌కు వేలిముద్ర అందదు, కంపెనీ సర్వర్‌కూ చేరదు. మంచి ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇదే పద్ధతి. దొంగ ఒక లక్ష వేలిముద్రలు కావాలనుకుంటే లక్ష ఫోన్లు విడివిడిగా పగలగొట్టాలి. ఒక సర్వర్ పగలగొడితే సరిపోయే రోజులకీ దీనికీ అదే తేడా.

గొంతు సంగతికి వద్దాం. ఇది తెలుగువాళ్లుగా మనకు ఎక్కువ పట్టాల్సిన విషయం. 2019 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ ఒక కథనం రాసింది: అమెజాన్ అలెక్సాతో జనం మాట్లాడే మాటల్లో కొన్నిటిని ఉద్యోగులు, కాంట్రాక్టర్లు కూర్చుని వింటున్నారు, సిస్టమ్‌ను మెరుగుపరచడం కోసం. వాళ్లు పనిచేసే దేశాల్లో భారత్ కూడా ఉంది. అదే ఏడాది జులైలో గార్డియన్ పత్రిక యాపిల్ వాయిస్ అసిస్టెంట్ సిరి గురించి అలాంటిదే బయటపెట్టింది. పొరపాటున సిరి మేల్కొన్నప్పుడు రికార్డయిన డాక్టరు మాటలు, జంటల ఏకాంత క్షణాలు కాంట్రాక్టర్ల చెవిన పడ్డాయి. ఆగస్టులో యాపిల్ క్షమాపణ చెప్పింది. రెండేళ్లకు, 2021లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15 నుంచి సిరి మాటను గుర్తించే పని ఫోనులోనే జరిగేలా మార్చింది.

కానీ ఏ భాషల్లో? ఇంగ్లిష్, జర్మన్, స్పానిష్, ఫ్రెంచ్, జపనీస్, చైనీస్ లాంటివి. అప్పటి ఆ జాబితాలో తెలుగు లేదు. ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు. పెద్ద మార్కెట్ ఉన్న భాషలకు ముందు చిన్న మోడళ్లు వస్తాయి, అవి పరికరంలో ఇముడుతాయి, వాళ్ల మాట ఇల్లు దాటదు. మిగతా భాషల వాళ్లు సర్వర్‌కు మాట పంపి పని చేయించుకోవాలి. మన దగ్గర టైపింగ్ రానివాళ్లే ఫోనుతో ఎక్కువ మాట్లాడతారు. పురుగుమందు పేరు అడిగే రైతు, మనవడికి వాయిస్ మెసేజ్ పెట్టే అమ్మమ్మ, చదువు లేక గొంతుతోనే యూట్యూబ్‌లో వెతుక్కునే కూలీ. ఎవరికి తమ గొంతు ఎటు పోతుందో తెలుసుకునే వీలు తక్కువో వాళ్లదే ముందు గడప దాటుతోంది. నాకు ఇది అన్యాయం అనిపిస్తుంది. గట్టిగా అనిపిస్తుంది.

దీనికి పరిష్కారం చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ తెలుగుతో సహా భారతీయ భాషల స్పీచ్ మోడళ్లను, డేటాను అందరికీ తెరిచి పెట్టింది. వాటిని కుదించి, పది వేల రూపాయల ఫోనులో, నెట్ లేకుండా, శ్రీకాకుళం యాసనూ కరీంనగర్ యాసనూ అర్థం చేసుకునేలా నడపడం ఒక మంచి ఫైనలియర్ ప్రాజెక్టు. ఒక బ్యాచ్ మొదలుపెడితే తర్వాతి బ్యాచ్ ముందుకు తీసుకెళ్లొచ్చు.

మరి డేటా ఎక్కడిదక్కడే ఉండిపోతే మోడల్ నేర్చుకునేది ఎలా? దీనికి 2017లో గూగుల్ తన జీబోర్డ్ కీబోర్డుతో ఒక దారి చూపించింది, ఫెడరేటెడ్ లెర్నింగ్. మీరు ‘ఎక్కడున్నావ్’ అని టైప్ చేశాక తర్వాతి మాట ఏమొస్తుందో ఊహించే చిన్న మోడల్ మీ ఫోనులోనే, రాత్రి చార్జింగ్ పెట్టి వైఫైలో ఉన్నప్పుడు, మీ టైపింగ్ నుంచి నేర్చుకుంటుంది. నేర్చుకున్న మార్పును మాత్రమే, అంటే కొన్ని అంకెల సవరణలను, సర్వర్‌కు పంపుతుంది. వేల ఫోన్ల సవరణలను కలిపి సగటు తీసి, కొత్త మోడల్‌ను మళ్లీ అందరికీ పంచుతారు. మీ వాక్యం మీ దగ్గరే ఉంటుంది.

ఇంతటితో గండం గడిచిందనుకోవద్దు. 2019లో ఎంఐటీ పరిశోధకులు ఆ సవరణల అంకెల నుంచే, కొన్ని పరిస్థితుల్లో, అసలు ఫొటోను తిరిగి గీయొచ్చని చూపించారు. అందుకే ఒక్కో ఫోను సవరణను సర్వర్ విడిగా చూడలేకుండా, కలిపిన మొత్తం మాత్రమే కనబడేలా చేసే పద్ధతులు వాడాలి. 2006లో సింథియా డ్వర్క్, సహచరులు పునాది వేసిన డిఫరెన్షియల్ ప్రైవసీ ప్రకారం, ఏ ఒక్కరి జాడా బయటపడకుండా, ఆ అంకెలకు కొలిచి కొన్ని యాదృచ్ఛిక మార్పులు కలపాలి. గడప దాటేది చిన్నదే కదా అని వదిలేస్తే కుదరదు, దాన్ని కూడా విప్పి చూడాలి.

ఇప్పుడు ఈ ప్రసంగంలో ముఖ్యమైన భాగానికి వచ్చాం. ఎడ్జ్ అనగానే ప్రైవసీ వచ్చేసినట్టు కంపెనీలు ప్రకటనల్లో చెబుతాయి. మీరు నమ్మకండి.

మైక్రోసాఫ్ట్ 2024 మేలో రికాల్ అనే సదుపాయాన్ని ప్రకటించింది. కొన్ని సెకన్లకోసారి స్క్రీన్‌షాట్ తీసి, అందులోని అక్షరాలను చదివి, మీరు ఎప్పుడు ఏం చూశారో తర్వాత వెతుక్కునేలా చేస్తుంది. అంతా ల్యాప్‌టాప్‌లోనే, క్లౌడ్‌కు ఏదీ పోదు. ఎడ్జ్ కంప్యూటింగ్‌కు ఇంతకంటే మచ్చుతునక ఏముంటుంది? కానీ సెక్యూరిటీ పరిశోధకులు తెరిచి చూస్తే, ఆ చదివిన అక్షరాలన్నీ మామూలు ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో చదవడానికి వీలుగా ఉన్నాయి. బ్యాంకు పేజీ, తెరిచి చదివిన ప్రైవేట్ మెసేజ్, అన్నీ. ఆ ల్యాప్‌టాప్‌లోకి ఒక మాల్వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్ దూరితే నెలల జీవితం ఒక్క ఫైలుగా దొరికిపోతుంది. ఇంట్లో అనుమానించే భర్త చేతిలో అదే ల్యాప్‌టాప్ ఉందనుకోండి, క్లౌడ్‌తో పనే లేదు. విమర్శలు వెల్లువెత్తాయి. మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గి, విడుదల వాయిదా వేసి, ఎన్‌క్రిప్షన్ పెట్టి, వాడేవాళ్లే కోరి ఆన్ చేసుకునేలా మార్చింది. ఇక్కడ డేటా గడప దాటలేదు. ఇంట్లోనే పోగుపడింది. అసలు అంత పోగు చేయడమే ప్రమాదం.

రెండోది తాళం సంగతి. అమెజాన్ ఎకో స్పీకర్లలో కొన్ని మోడళ్లకు, అమెరికాలో ఇంగ్లిష్ వాడేవాళ్లకు, మాటను పరికరంలోనే గుర్తించి రికార్డింగును క్లౌడ్‌కు పంపకుండా ఉండే సెట్టింగ్ ఉండేది. 2025 మార్చి 28న దాన్ని తీసేశారు. కొత్త జెనరేటివ్ ఏఐ సదుపాయాలకు క్లౌడ్ అవసరమన్నది కంపెనీ చెప్పిన కారణం. ఆ స్పీకర్ కొన్నవాళ్ల ఇంట్లో వస్తువు మారలేదు. అదే చిప్పు, అదే మైకు, అదే షెల్ఫు. దూరం నుంచి వచ్చిన ఒక మార్పుతో నిన్నటిదాకా ఇంట్లోనే ఆగిన గొంతు ఇవాళ బయటికి పోయింది. డబ్బు పెట్టి కొన్న వస్తువు తాళం కొన్నవాడి దగ్గర లేదని అంతకంటే తేటగా చెప్పే సంఘటన నాకు తెలియదు.

అలాగే రక్షణ లేని ఎడ్జ్ పరికరం ఊరందరికీ ముప్పు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని సీసీ కెమెరాలను, వాటి వీడియో దాచే డీవీఆర్‌లను లక్షల్లో వశం చేసుకుంది. అక్టోబర్ 21న వాటితోనే, వెబ్‌సైట్ల పేర్లకు నెట్ అడ్రసులు చూపే డిన్ అనే సంస్థ మీద దాడి జరిగి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తడబడ్డాయి. క్లౌడ్ సర్వర్‌ను కాపలా కాయడానికి జీతాలు తీసుకునే సెక్యూరిటీ టీములుంటాయి. కిరాణా కొట్టు కెమెరాను ఎవరు కాపలా కాస్తారు? క్లౌడ్ వైపు న్యాయంగా మాట్లాడాలంటే ఈ మాట చెప్పి తీరాలి.

మధ్యలో ఒక అపోహ తొలగించాలి. 2022 నవంబర్‌లో అమెజాన్ క్లౌడ్ విభాగం అమెజాన్ వెబ్ సర్వీసెస్ డేటా సెంటర్ల సముదాయం (రీజియన్) హైదరాబాద్‌లో మొదలైంది. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని ప్రకటించింది. డేటా సెంటర్ మన ఊరికే వస్తే ఇక డేటా మన దగ్గరే ఉన్నట్టేగా అని చాలామంది అనుకుంటారు. దూరం తగ్గుతుంది, వేగం పెరుగుతుంది, ఉద్యోగాలు వస్తే సంతోషం. ప్రైవసీ మాత్రం మైళ్ల లెక్కతో తేలదు. అమెరికా 2018లో చేసిన క్లౌడ్ యాక్ట్ ప్రకారం, అక్కడి కంపెనీ చేతిలో ఉన్న డేటాను, అది ఏ దేశంలో ఉన్నా, చట్టప్రకారం ఇమ్మని అక్కడి అధికారులు అడగొచ్చు. మధురవాడలో ఉన్న సర్వర్ కూడా మీ ఫోను గడపకు అవతలిదే. పెద్ద మోడళ్లకు శిక్షణ ఇచ్చే పని ఎలాగూ డేటా సెంటర్లలోనే జరుగుతుంది. కాబట్టి క్లౌడ్ ఎక్కడికీ పోదు. అక్కడికి ఏం పంపాలన్నదే మన చేతిలో ఉన్నది.

చట్టం సంగతి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో దాని నియమాలు. ప్రధానమైన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువిచ్చారు. భద్రతా చర్యల్లో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. మీరు రేపు ఉద్యోగాల్లో చేరేసరికి ఈ చట్టం కాగితం మీది మాట కాదు, మీ కోడ్ రివ్యూలో అడిగే ప్రశ్న. ఇందులో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. లెక్క పరికరంలో జరిగిందా సర్వర్‌లోనా అని ఈ చట్టం చూడదు. డేటాతో ఏం చేయాలో, ఎలా చేయాలో ఎవరు నిర్ణయిస్తారో వాళ్లను బాధ్యులుగా చూస్తుంది. రెండోది, సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు కల్పించాలి. అంటే తెలుగులో అడిగి తీసుకోవడం మీ హక్కు. ఆ తెలుగు మా అమ్మకు అర్థమయ్యేలా ఉండాలని రాసేవాళ్లను కోరుతున్నాను.

లోటు కూడా చెప్పాలి. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం ఈ చట్టంలో కేంద్రానికి ఉంది. రోడ్డు మీద కెమెరా కింద నడిచే మనిషిని ఎవరూ సమ్మతి అడగరు. తెలంగాణలో పోలీసులు ముఖాలను గుర్తించే టెక్నాలజీ వాడడాన్ని ప్రశ్నిస్తూ వేసిన వ్యాజ్యంలో 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. నేరస్థులను పట్టుకోవడం అవసరమే. కానీ కూడలిలో ట్రాఫిక్ లెక్క కోసం పెట్టిన కెమెరాలో చిప్పు మరింత తెలివిమీరితే, వాహనాలు లెక్కపెట్టే పని నుంచి ముఖాలు పోల్చే పనికి మారడానికి ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చాలు. కెమెరా బిగించిన మేస్త్రీకి కూడా ఆ తేడా తెలియదు.

అందుకని మున్సిపాలిటీ అయినా, ఆసుపత్రి అయినా, కాలేజీ అయినా, టెండర్ పిలిచేటప్పుడు రిజల్యూషన్ ఎంత, వారంటీ ఎన్నేళ్లు అని రాసే చోటే ఇవి కూడా రాయాలి: పరికరం నుంచి బయటికి పోయే ప్రతి ఫీల్డు పేరు, అది ఎన్ని రోజులు ఉంటుంది, అప్‌డేట్ ఎవరు సంతకం చేసి పంపుతారు, కొన్నవాళ్ల అనుమతి లేకుండా ఆ అప్‌డేట్ ఎక్కకూడదు. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు ప్రభుత్వం భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. అది మంచి మొదలు. పరీక్షల తర్వాత వచ్చే అప్‌డేట్ల మీద కూడా కన్నుండాలి.

కన్ను వేయడం ఎలాగో మీ ల్యాబ్‌లోనే చూడొచ్చు. ఇంట్లో వాడే ఒక చవక వైఫై కెమెరా కొనండి. దాని యాప్‌లో క్లౌడ్ రికార్డింగ్ ఆఫ్ చేసి, మెమరీ కార్డులో మాత్రమే దాచేలా పెట్టండి. మీరు నడిపే రౌటర్‌కు కలిపి, నెట్‌వర్క్‌లో పోయే డేటాను చూపే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌తో ఒక రోజంతా ప్యాకెట్లు (డేటా ముక్కలు) పట్టండి. కెమెరా ఎదుట ఎవరూ లేనప్పుడు ఎంత పంపింది, ఒక మనిషి నడిచినప్పుడు ఎంత పంపింది, ఏ దేశపు అడ్రసులతో మాట్లాడింది, ఒక టేబుల్‌గా రాయండి. ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి లోపల ఏముందో కనబడదు, కానీ సైజు, సమయం అబద్ధం చెప్పవు. తర్వాత ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వచ్చినప్పుడు అదే పరీక్ష మళ్లీ చేసి రెండు టేబుళ్లూ పక్కపక్కన పెట్టండి. తేడా కనిపిస్తే తయారీదారుకు రాయండి, జవాబు అడగండి. ల్యాబ్ ఇన్‌చార్జి గారు ముందు వరుసలోనే ఉన్నారు, రౌటర్ ఇవ్వడానికి ఒప్పుకున్నారు కూడా.

ఇక మీ ప్రశ్నలు వింటాను.